రెట్టకొండ

జనవరి మంచులో రంభ రేవు ఇంకా లేవలేదు.
బరంపురం నుంచి తొలి బస్సుకు వచ్చాను.
సంచిలో ఫారెస్టువాళ్ళిచ్చిన రెండు కాగితాలు,
దారం కట్టిన పెన్సిలు,
సైన్సు మాస్టారి దగ్గర అరువు తెచ్చిన దుర్భిణి.
దానికి ఒక కన్ను మసక.

పడవ నడిపేది దండాసి.
పడవ పక్కన ఒడియా అక్షరాల్లో
ఒక తెలుగు పేరు: ఎర్రయ్య.
చిలికా మీద పొగమంచు ఎంతంటే
తన ముక్కు ఎక్కడ ముగిసిందో పడవకే తెలీదు.
ఒకచోట ఇంజను ఆపేశాడు.
ఆ చప్పుడు పోయాక నీళ్ళ చప్పుడు వచ్చింది.
"దారి తప్పామా?" అన్నాను.
"వాసన సూడండమ్మా."

మొదట ఏమీ లేదు.
తర్వాత ఎండురొయ్య.
తర్వాత తడిసిన సున్నం.
ఆ తర్వాత ముక్కు వెనక ఎక్కడో సూదిలా దిగి
కళ్ళల్లోంచి కారిపోయే ఘాటు.
"అదుగో, అటే" అని
చూడకుండానే చుక్కాని తిప్పాడు.

మంచు చిరిగిన చోట
కొండ.
వెన్నెల అనుకున్నాను, పాలరాయి అనుకున్నాను,
నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళకి వచ్చే పోలికలన్నీ వచ్చాయి.
దండాసి నవ్వాడు.
"ఒడియావోళ్ళు చఢేయిహగా అంటారు.
మావోళ్ళు రెట్టకొండ అంటారు.
ఏ బాసలో అడిగినా అది పిట్టల దొడ్డే."

దిగకూడదని బోర్డు ఉంది.
బోర్డు మీద కూడా రెట్ట ఉంది.

బండల అంచుల్లో నీటికాకులు,
ఆరబెట్టిన గొడుగుల్లా రెక్కలు చాపి.
నూట పన్నెండు దాకా వచ్చాను.
గద్ద నీడ ఒకటి రాతి మీద జారింది.
నలుపంతా ఒక్కసారి పైకి లేచింది,
తెలుపు మాత్రం కిందే ఉండిపోయింది.
మళ్ళీ ఒకటి నుంచి.

కాగితంలో పేర్లన్నీ ఇంగ్లీషువి.
దండాసి చూపించింది అందులో లేదు,
అందులో ఉన్నది దండాసికి తెలీదు.
"అది రాందాసు పిట్ట" అన్నాడు.
చీలిన తోక, పసుపు ముక్కు,
నీటిని కోస్తున్నట్టు పోతోంది.
చివర్న "ఇతరములు" అని ఒక గడి ఉంది.

జనాభా లెక్కలప్పుడు
మా అమ్మ మాతృభాష దగ్గర
వచ్చినతను ఒక్క క్షణం ఆగి
తనకు తోచింది రాసుకున్నాడు.
అమ్మ అతనికి టీ ఇచ్చింది, చక్కెర సరిపోయిందా అని అడిగింది.

కాగితం అంచున, గళ్ళ బయట,
తెలుగులో రాశాను: రాందాసు, తొమ్మిది.

ఎండ వచ్చాక కొండ చూడ్డానికే కష్టమైంది.
"మా తాత కాలంలో అమాస రేత్రి కూడా
ఇది మసగ్గా ఎలిగేదట.
మాకు దీపస్తంబం ఎవడు కట్టాడమ్మా?
పిట్టలే కట్టాయి, రోజుకింత."
వానాకాలంలోనో?
"వాన కడిగేస్తాది. నాలుగు నెల్లు కొండ నల్లగుంటాది.
అప్పుడు రేత్రి ఏటకి మావోళ్ళెవరూ ఎల్లరు.
ఎల్లినోడొకడు…"
పంకాకు చుట్టుకున్న నాచుని
వేళ్ళతో చాలాసేపు తీశాడు.

"నాలుగు వందల ఆరు" అన్నాను.
"మునిగినోటిని ఏసారా?"

ఇద్దరం నీళ్ళ వైపు చూశాం.
గుండ్రాలు ఒకదాన్నొకటి దాటి పోయాయి.
ఎంతో దూరంలో, అనుకోని వైపు,
ఒక నల్లమెడ తేలింది, ముక్కున చేప.
ఏడు అని దిద్దాను.
పెన్సిలు పట్టుకుని ఇంకా కాసేపు ఆగాను.
అతను ఇంజను వెయ్యలేదు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ.
ఎక్కినవాళ్ళు ఒకసారి ముక్కు చిట్లించి
వెనక్కి పోయారు.
గంజాంలో చేపల తట్టతో ఒక ముసలామె ఎక్కింది.
నా పక్కనే కూలబడింది.
గాలి పీల్చి, నా మొహం చూసి,
ఏ భాషో అడగకుండానే అంది:
"రెట్టకొండకెల్లొస్తన్నావేటమ్మా?"